పుట్టింటికి వెళ్ళిన హెత్తె

సోమవారం పొద్దున మందెతొరెలో ముందుగా లేచేది మంచు. ఆ తర్వాత కెంచి గొంతు.

మంచుకి తొందర లేదు. కట్టుకున్న తెల్లగుడ్డ అంచు తడవకుండా ఎత్తి పట్టుకున్న ముసలమ్మలా, తేయాకు వరసల మధ్య నుంచి ఒక్కో మెట్టూ ఎక్కిపోతుంది. కెంచి గొంతు అట్లా కాదు. ఒక్క ఊపున వాగు దాటి, అవతలి కొండకి కొట్టుకుని, మళ్ళీ ఊళ్ళోకి వచ్చి పడుతుంది.

"ఏం మేనత్తా, నిద్ర సరిపోయిందా? వాన వాన అని నెల్లాళ్ళు మొత్తుకుంటే చెవిన పెట్టలేదు. నిన్న దుంపలు తవ్వి కుప్ప పోశామో లేదో, కుండపోత! ఎవరి దగ్గర నేర్చావీ విద్య? మన ఇంటా వంటా లేదే! ఈ మందెతొరె వాళ్ళతో వేగి వేగి వాళ్ళ బుద్ధులే వచ్చాయి నీకూ."

ఒక్కో తిట్టుకీ చీపురు ఒక్కోసారి మట్టి మీద సర్రుమంటుంది.

ఎదురుగా ఉన్నది హెత్తె ఇల్లు. ఊరందరికీ ఆవిడ హెత్తె, అంటే నాయనమ్మ. ఆ గడప ముందు ఊరికి పెద్ద అయిన గౌడ కూడా తలపాగా తీసి వంగుతాడు. కెంచి ఒక్కతే నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడుతుంది. కొత్తగా కాపురానికి వచ్చిన కోడళ్ళు మొదటి సోమవారం ఆ మాటలు విని గుండె పట్టుకుంటారు. "అమ్మో, దేవతని అన్నేసి మాటలంటే కళ్ళు పోవూ?" అని అడిగితే, అత్తగార్లు పొయ్యి ఊదుకుంటూనే చెబుతారు.

"అది వాళ్ళ పుట్టింటి గొడవలే. మధ్యలో మనమెందుకు?"

నిజంగా పుట్టింటి గొడవే. ఏడు తరాల కిందట హెత్తె ఒక మామూలు ఆడపిల్ల. లోయకి అవతల నేరళట్టిలో పుట్టింది. మందెతొరెలో ఒక పెద్దాయనకి రెండో భార్యగా వచ్చింది. అప్పటికే ఇంట్లో పెద్ద భార్య ఉంది, వెన్నకుండకి మూతలాంటి మనిషి. ఒక గరిటెడు వెన్న దగ్గర ఇద్దరికీ మాటా మాటా వచ్చిందంటారు. చిన్నావిడ ఆ గరిటె గడప మీద పడేసి, నీళ్ళకని వాగుకి వెళ్ళింది. తిరిగి రాలేదు. మూడో నాడు ఊరి పెద్దలందరికీ ఒకే కల. అందులో ఆవిడ నీళ్ళు కారుతూ నిలబడి, "నాకొక ఇల్లు కట్టండి" అని, కాస్త ఆగి, ఎవరికీ అర్థం కాదేమోనని, "వేరే ఇల్లు" అని కూడా అంది.

అప్పుడు కట్టిన ఇల్లే ఇది. గడ్డి కప్పు, వంగితే తప్ప దూరలేని వాకిలి. లోపల విగ్రహం లేదు. బెత్తంతో అల్లిన పెట్టె ఒకటి, అందులో మడత పెట్టిన తెల్లగుడ్డ, ఒక వెండి కడియం, ఆ వెన్న గరిటె. చలి ముదిరే రోజుల్లో వచ్చే హెత్తె పండగకి ఆ గుడ్డ తీసి కొత్తది పెడతారు. అంతకంటే ఆవిడ ఎప్పుడూ ఏమీ అడగలేదు.

నేరళట్టి వాళ్ళకి మాత్రం ఆవిడ నాయనమ్మ కాదు, ఇచ్చిన ఆడపడుచు. అందుకే ఏ తరంలోనైనా నేరళట్టి నుంచి ఒక పిల్ల మందెతొరెకి కోడలుగా వస్తుంది, హెత్తె వాకిలి ఊడ్చే చీపురు ఆ పిల్ల చేతికి వస్తుంది. ఈ తరంలో ఆ పిల్ల కెంచి. పదిహేడో ఏట వచ్చింది, ఇప్పుడు యాభై ఆరు. నుదుటి మీద పచ్చబొట్టు చుక్కలు ముడతల్లో దోబూచులాడుతున్నాయి. కూతుళ్ళిద్దరూ వేరే ఊళ్ళలో కాపురాలు చేసుకుంటున్నారు.

కాపురం కొత్తలో కెంచి మూడుసార్లు అలిగి పుట్టింటికి వెళ్ళింది. మొదటిసారి, తను పాట పాడితే మొగుడు బోజ నవ్వాడని. రెండోసారి, నవ్వనని మాటిచ్చి మళ్ళీ నవ్వాడని. మూడోసారి ఎందుకు వెళ్ళిందో ఆమెకే గుర్తు లేదు. నేరేడు పళ్ళ కాలమని మాత్రం గుర్తు. వెళ్ళిన ప్రతిసారీ మందెతొరె పెద్దలు అయిదుగురు తెల్ల తలపాగాలతో లోయ దాటి వెళ్ళడం, నేరళట్టి వాళ్ళు వాళ్ళని ఎండలో నిలబెట్టడం, "మా పిల్లకి ఏం లోటు చేశారు?" అని అడగడం, షరతులు, ఒప్పందాలు, చివర్న విందు. ఈ కొండల్లో ఆడదానికి పుట్టింటి దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ఆ దారిలో ఏ రాయి ఎక్కడుందో కెంచికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

గొడవ మొదలుపెట్టింది సేవణ మేష్టరు. ఆయన బళ్ళో ఉన్నన్నాళ్ళూ పిల్లల్ని వరసలో నిలబెట్టాడు. రిటైరయ్యాక దేవతల్ని నిలబెడదామని గుడి కమిటీకి సెక్రటరీ అయ్యాడు. పండగ ఇంకా నెల రోజులుందనగా ఊరి పచ్చిక మీద మీటింగు పెట్టాడు.

"గడ్డి కప్పులో ఎలుకలు సంసారాలు పెట్టాయి. మన హెత్తె ఇంకెన్నాళ్ళు తడవాలి? రాతి గోడలు, సిమెంటు నేల, ముందర ఇనప కంచె, దానికి తాళం. పూజకి కింద మైదానం నుంచి ఒకాయన వస్తాడు. పండగ నాటికి తయారు!"

మగవాళ్ళు తలలూపారు. ఆడవాళ్ళ గుంపు చివర నుంచి కెంచి లేచింది.

"కప్పు వేయించండి మేష్టరూ, మంచిదే. మా మేనత్తకి చెమ్మ పడదు. మరి నేనెక్కడ ఊడవాలి?"

"సిమెంటు నేల కదమ్మా! ఊడ్చే పని లేదు. పూజారి నీళ్ళు కొట్టి కడిగేస్తాడు."

"మరి నేను?"

"నీకు విశ్రాంతి. కంచె ఇవతల నిలబడి దణ్ణం పెట్టుకో."

"దణ్ణమా! నలభై ఏళ్ళలో ఒక్కసారి పెట్టలేదు. ఇప్పుడు కొత్తగా పెడితే ఆవిడకి అనుమానం రాదూ?"

అందరూ నవ్వారు. మేష్టరు కూడా నవ్వాడు. నవ్వుతూనే కాగితం మీద రాసుకున్నాడు: కంచె, తాళం.

కెంచి నవ్వలేదు. మందెతొరెలో తన పేరు మీద ఒక తేయాకు మొక్క లేదు. మగవాళ్ళు కూర్చునే రాతి అరుగు మీద తన మాటకి చోటు లేదు. ఊళ్ళో ప్రతి గడపకీ తను కోడలే, పిలిస్తే పలకాల్సినదే. ఉన్నదల్లా ఆ అయిదు బారల మట్టి వాకిలి. వారానికొకసారి చీపురు పట్టుకుని అందులో అడుగు పెడితే తను కోడలు కాదు, పుట్టింటి మనిషి. కంచె పడితే ఆ మట్టీ పోతుంది. సోమవారాలు మిగతా వారాల్లో కలిసిపోతాయి, గేదె గేదెల్లో కలిసినట్టు.

ఆ తర్వాత వారమే చిన్న కూతురికి పురుడొచ్చి కెంచి వెళ్ళాల్సి వచ్చింది. పది రోజులకి తిరిగొచ్చి చూస్తే, హెత్తె ఇల్లున్న చోట ఎర్రటి పునాది గొయ్యి. పన్ను ఊడిన చిగురులా ఉంది. తడి గడ్డి ఒక పక్క కుప్పగా పడి ఉంది.

బోజ ఇంటి ముందు కూర్చుని కొడవలి నూరుకుంటున్నాడు. మాట్లాడితే మాటలు అరిగిపోతాయేమోనని దాచుకునే మనిషి.

"పెట్టె ఏది?" అంది కెంచి.

"భద్రంగా ఉంది."

"ఎక్కడ?"

"గౌడ గారింట్లో. ఊళ్ళోకల్లా పెద్దిల్లు కదా. మేళంతో తీసుకెళ్ళారు."

కెంచి మూట దించకుండానే గట్టు మీద కూలబడింది. "హాలగౌడ ఎవరి సంతతి?"

"వాళ్ళ నాన్నది."

"వాళ్ళ నాన్న?"

"వాళ్ళ తాతది." బోజ కొడవలి పక్కన పెట్టి వేళ్ళు మడవడం మొదలుపెట్టాడు. తాత, ముత్తాత, వాళ్ళ నాన్న, ఆయన నాన్న... ఒక చెయ్యి అయిపోయింది. రెండో చేతి రెండో వేలు మడుస్తూ ఆగిపోయాడు. నోరు తెరుచుకుంది.

"చెప్పు" అంది కెంచి.

"పెద్ద భార్యది."

"అరవై మంది మగాళ్ళు కూర్చుని, ఆలోచించి, ఆలోచించి, వేరే ఇల్లు కావాలని నీళ్ళలోంచి లేచొచ్చి అడిగిన మనిషిని మేళంతో తీసుకెళ్ళి సవతి ఇంట్లో పెట్టారా!"

"ఎవరికీ తట్టలేదే."

"తడుతుందా? మీకెవరికైనా సవతి ఉంటే కదా!"

హాలగౌడ ఇంట్లో లేడు. ఆయన తల్లి మాసవ్వ పొయ్యి పక్కన కూర్చుని నెయ్యి కాస్తోంది. ఎనభై ఏళ్ళు. కళ్ళు రెండూ మిరియాలు. ఈ కొండల ఇళ్ళలో పాలగదిలోకి ఆడవాళ్ళు, హెత్తె అయినా సరే, వెళ్ళకూడదు గనక హెత్తె పెట్టెని బయటి గదిలో గూట్లో పెట్టారు. దాన్ని ఆనుకునే వెన్నకుండ. ఏడు తరాల నాటి కొట్లాటలో ఇద్దరు మనుషుల్నీ, కొట్లాటకి కారణాన్నీ ఒక్క గదిలో చేర్చారన్న మాట.

"రావే నేరళట్టి పిల్లా" అంది మాసవ్వ. "నన్ను చూద్దామని వచ్చావా, మీ అత్తనా?"

"మీ ఇద్దర్నీ ఒక్క చోట చూస్తానని కల్లో కూడా అనుకోలేదు మాసవ్వా."

"అదృష్టం అంటున్నారే ఊరంతా. హెత్తె నీ ఇంటికొచ్చింది, పెట్టి పుట్టావు అంటున్నారు." ముసలావిడ గిన్నెలోకి తొంగి చూసి మూతి ముడిచింది. "ఈ అదృష్టం వచ్చి తొమ్మిది రోజులు. గేదె పాలు ఎగ్గొట్టింది. నెయ్యి రోజూ మాడుతోంది. నా మోకాలు పట్టేసింది. నా కోడలు ఎదురు చెప్పడం నేర్చింది. అది మాత్రం అంతకు ముందే నేర్చిందనుకో."

"పంపించెయ్యొచ్చుగా?"

"ఇంటికొచ్చిన హెత్తెని పొమ్మంటానా? నలుగురూ ఏమంటారు? సవతి వంశం ఇంకా కుళ్ళుకుంటోంది అనరూ?"

గిన్నెలో నెయ్యి చిటపటమంది. బయట తేయాకు మొక్కల మీద నుంచి పొగమంచు ఇంట్లోకి వచ్చి, చుట్టపుచూపుగా కాసేపు నిలబడి, వెళ్ళిపోయింది.

"పెట్టె మీద దుమ్ము పేరుకుంది" అంది మాసవ్వ, ఎటో చూస్తూ. "పుట్టింటి చెయ్యి పడితే మంచిది. తుడిచి పో. నేను దూడని చూసొస్తా. నా మోకాళ్ళ సంగతి తెలుసుగా, వెళ్ళడానికి ఒక పూట, రావడానికి ఒక పూట."

లేచింది. గోడ పట్టుకుని గడప దాకా వెళ్ళి, వెనక్కి తిరక్కుండానే అంది: "మూలన తేయాకు బుట్ట ఉంది. దుమ్ము తుడిచే గుడ్డ దాని మీదే ఉంటుంది."

బుట్టలో పెట్టె సరిగ్గా పట్టింది. మీద తెల్లగుడ్డ కప్పి, బుట్టని నెత్తికెత్తుకుని, కెంచి పట్టపగలు, ఊరి నడిబొడ్డు నుంచి నడిచింది. చెప్పుల్లేవు. హెత్తె పనికి చెప్పులతో వెళ్ళరు, అందులోనూ హెత్తెతోనే వెళ్ళేటప్పుడు.

ఆకు తూకం వేసే రేకుల షెడ్డు దగ్గర సేవణ మేష్టరే ఎదురయ్యాడు.

"ఏమ్మా కెంచీ, బుట్ట ఎత్తుకుని ఎటు?"

"పుట్టింటికి మేష్టరూ."

"బుట్టలో ఏంటి?"

"మా మేనత్త."

షెడ్డు కింద ఉన్నవాళ్ళంతా పగలబడి నవ్వారు. మేష్టరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అడిగానని చెప్పు మీ అత్తని."

"చెప్తా మేష్టరూ. ముందు మీ పేరే చెప్తా."

ఊరు దాటి వాగులోకి దిగేదాకా ఆ నవ్వులు వెనకాలే వచ్చాయి. వాగు దగ్గర కెంచి ఆగింది. నీళ్ళు చీలమండల దాకా ఉన్నాయి, ఐసులా చల్లగా. ఇక్కడికే కదా ఆవిడ ఒక రోజు నీళ్ళకని వచ్చింది. అప్పుడు వాగు దాటి రెండు కోసులు నడిచి ఉంటే చాలు, పుట్టిల్లు. ఎందుకు దాటలేదో ఎవరూ చెప్పరు. పాటల్లో కూడా లేదు.

"భయపడకు" అంది కెంచి, ఆ సోమవారాల గొంతుతో కాదు. "దారి నాకు తెలుసు. మూడుసార్లు వచ్చాను."

తర్వాత అడవి తునక ఒకటి. నాచు పట్టిన చెట్లు ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యి వేసుకుని నిద్రపోతున్నాయి. ఒక అడవిదున్న దారికి అడ్డంగా నిలబడి, కెంచినీ బుట్టనీ మార్చి మార్చి చూసి, పెద్దవాళ్ళకి దారి ఇచ్చినట్టు పక్కకి తప్పుకుంది.

నేరళట్టిలో కెంచి అన్న, కాడ అతని పేరు, చిక్కుడు జాతి అవరెకాయలు వలుస్తున్నాడు. ఆ ఊరికి ఇప్పుడు అతనే పెద్ద. చెల్లెల్ని చూడగానే నిట్టూర్చాడు.

"ఈ వయసులో కూడానా కెంచీ? ఏం చేశాడు బావ? మళ్ళీ నవ్వాడా?"

"అలిగింది నేను కాదన్నా. ఈవిడ." బుట్ట దించి గుడ్డ తీసింది.

పెట్టె ఆ ఊళ్ళో ఎవరూ ఎప్పుడూ చూడలేదు. కానీ చూడగానే అందరికీ తెలిసింది. కాడ చేతిలో అవరెకాయలు నేల మీద పడ్డాయి. తలపాగా తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. ఇంటి ఆడపడుచు ముందు తలపాగా తియ్యాలో వద్దో అతనికి తేలలేదు.

"దొంగతనం చేశావటే!"

"ఇచ్చిన పిల్లని పుట్టింటికి తీసుకురావడం దొంగతనమా? ఎక్కడ పెట్టారో అడుగు ముందు."

చెప్పింది. చెబుతుంటే కాడ ముఖం మెల్లగా మారింది. మొదట భయం, ఆ తర్వాత కోపం, కోపం వెనకాల నుంచి తొంగి చూస్తూ ఒక సంబరం. ఏడు తరాలుగా మందెతొరె వాళ్ళని ఎండలో నిలబెట్టడానికి ఇంత మంచి కారణం దొరకలేదు.

"సవతి ఇంట్లోనా? వెన్నకుండ పక్కనా?" అన్నాడు. వెంటనే ఇంట్లోకి కేక వేశాడు. "ఏమే, పొయ్యి మీద ఎసరు పెట్టు! అత్త వచ్చింది!"

ఆ వారం నేరళట్టిలో పొయ్యి ఆరలేదు. ఏడు తరాల బాకీ అన్నం ఒక్కసారిగా పెట్టాలన్నట్టు ఇంటింటి నుంచీ వచ్చింది. సామల అన్నం, అవరెపప్పు పులుసు, రాగి ముద్ద, నేతిలో వేయించిన తీపి రొట్టెలు. పెట్టె ముందు పెట్టడం, కాసేపాగి తామే తినడం. ముసలమ్మలు వచ్చి పక్కన కూర్చుని ఊళ్ళో పెళ్ళిళ్ళూ చావులూ వరసన చెప్పారు. పుట్టింటికి వచ్చిన పిల్లకి ఎవరైనా చెప్పేవి అవేగా.

మందెతొరెలో అదే సాయంత్రానికి సంగతి తెలిసింది. పండగ పన్నెండు రోజుల్లో ఉంది. కొత్త గుడ్డ నేసేవాడు మగ్గం ఎక్కాడు, మేళం వాళ్ళకి కబురు వెళ్ళింది, చుట్టుపక్కల ఊళ్ళకి పిలుపులు వెళ్ళాయి. హెత్తె లేదు.

మూడో నాడు అయిదు తెల్ల తలపాగాలు లోయ దాటి వచ్చాయి. హాలగౌడ, సేవణ మేష్టరు, ఇద్దరు పెద్దలు, భార్య ఉన్న చోటు తెలిసిన మనిషిగా బోజ. వాళ్ళ వెనక, కర్ర పొడుచుకుంటూ, పట్టేసిన మోకాలితో రెండు కోసులు నడిచి మాసవ్వ. ఎండ నెత్తిన పడుతోంది. కాడ అరుగు మీద కూర్చున్నాడు గానీ వాళ్ళని కూర్చోమనలేదు. కెంచి పెట్టె పక్కన తలుపు నీడలో ఉంది.

"అడిగి చెప్పు" అన్నాడు కాడ. "కూర్చోమంటోందా?"

కెంచి పెట్టె వైపు వంగింది. "ఆలోచిస్తోంది."

మేష్టరు ఆగలేకపోయాడు. "ఇదేం ఆటమ్మా! పోలీసులకి చెబితే..."

"ఏం చెప్తావు మేష్టరూ?" అన్నాడు హాలగౌడ విసుగ్గా. "మా ఏడు తరాల నాయనమ్మ అలిగి పుట్టింటికి పోయింది, పట్టి తెచ్చి పెట్టండి అనా? పైగా నువ్వే దారిలో అడిగానని కూడా చెప్పమన్నావట."

మేష్టరు మళ్ళీ కళ్ళద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

"మాసవ్వని మాత్రం కూర్చోమంటోంది" అంది కెంచి.

"ఎందుకు కూర్చోనూ" అని మాసవ్వ వెళ్ళి పెట్టె పక్కనే కూర్చుంది. రెండు వంశాల ఆడవాళ్ళూ అంత దగ్గరగా కూర్చోవడం చూసి మగవాళ్ళకి చెమటలు పట్టాయి.

కాసేపటికి అందరికీ కూర్చోడానికి సెలవైంది. హాలగౌడ తలపాగా ఒళ్ళో పెట్టుకుని, పద్ధతి ప్రకారం అడిగాడు. "మా ఇంటి మనిషికి ఏం లోటు జరిగింది?"

"సవతి ఇంట్లో ఇక ఒక్క రాత్రి కూడా ఉండదట" అంది కెంచి.

"తప్పయింది. ఒప్పుకున్నాం."

"కప్పు మీ ఇష్టం. రేకులేసుకోండి, మీద గడ్డి పరుచుకోండి. గోడ మీ ఇష్టం. కంచె మాత్రం వద్దట. తాళం వద్దట. ఏడు తరాలుగా తాళం వెయ్యని మనిషిని ఇప్పుడెందుకు తాళంలో పెడతారు, నేనేమైనా పారిపోయానా అని అడుగుతోంది."

అయిదుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పారిపోయి వచ్చిన పెట్టె ఎదురుగానే ఉంది.

"కంచె తెప్పించేశాం కదమ్మా" అన్నాడు మేష్టరు నీరసంగా. "లారీ దిగిపోయింది."

"నా క్యాబేజీ మడికి వేసుకుంటా" అన్నాడు హాలగౌడ. "దున్నలు తినేస్తున్నాయి. తర్వాత?"

"వాకిలి మట్టిదే ఉండాలి. సోమవారం నేరళట్టి చెయ్యే ఊడవాలి. పూజారిని పిలుచుకుంటారో లేదో మీ ఇష్టం, చీపురు మాత్రం ఆయనకి ఇవ్వరు."

ఈ మాట అంటూ కెంచి పెట్టెని కాస్త తన వైపు జరుపుకుంది. హాలగౌడ అది చూశాడు. అతని చిన్నప్పటి నుంచీ ఆ వాకిలి నుంచి వచ్చే గొంతుకే ఊరు నిద్ర లేస్తోంది. "ఊడవనీ" అన్నాడు. "నీ ముందు ఊడ్చింది కూడా నేరళట్టావిడేనని మా అమ్మ చెప్తుంది. ఒప్పుకున్నాం."

అక్కడితో ఆగిపోయి ఉంటే అది మామూలు ఒప్పందం అయ్యేది. కానీ కెంచి ఆగలేదు. అయిదుగురు మగవాళ్ళు, అన్నిటికీ ఊ కొడుతూ, ఎదురుగా, వరసలో. బతుకులో అట్లాంటి పూట మళ్ళీ రాదు.

"నాలుగోది. పొద్దున్నే కట్టెలు మొగుడే చీల్చాలట. అడక్కుండా."

హాలగౌడ తల ఊపబోయి ఆగాడు. బోజ గొంతు సవరించుకున్నాడు. "అది... హెత్తె షరతేనా?"

"కాకపోతే ఎవరిదనుకున్నావు?"

"ఏం లేదు. ఆవిడకి పొయ్యి లేదు కదాని."

"లేకపోతే మనసు కూడా లేదా? అయిదోది. ఆడమనిషి పాట పాడితే నవ్వకూడదట."

కాడ కప్పు వైపు చూశాడు. ఇద్దరు పెద్దలూ దగ్గు వచ్చినట్టు ముఖాలు తిప్పుకున్నారు. హాలగౌడ మాత్రం చాలా గంభీరంగా, "మా ఊళ్ళో ఆడవాళ్ళు పాడితే నవ్వేవాడు ఒక్కడే ఉన్నాడు" అని పక్కకి తిరిగాడు.

బోజ తలపాగా తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "నవ్వను" అన్నాడు. కాస్త ఆగి, "ఎవరు పాడినా" అన్నాడు.

"మా వైపు నుంచి కూడా ఒక్క మాట" అన్నాడు హాలగౌడ. "ఆవిడ మా ఊరి హెత్తె. తిట్లు కొంచెం తగ్గించగలవా కెంచక్కా?"

"పండగ రోజు తిట్టను."

"ఏడాదికి ఒక్క రోజేనా?"

"ఊరుకోరా" అంది మాసవ్వ. "తిట్టే దిక్కు కూడా లేకపోతే అది గుడి అవుతుంది గానీ ఇల్లెట్లా అవుతుంది? ముందు భోజనం పెట్టించు కాడా. నా ఇంట్లో నెయ్యి మాడకుండా కాగి పన్నెండు రోజులైంది."

మిగిలిన రోజుల్లో మందెతొరె మగవాళ్ళు నడుములు విరగ్గొట్టుకున్నారు. గోడ లేచింది. లోపల రేకు, మీద గడ్డి. వాకిలి వంగితే తప్ప దూరలేనంతే ఎత్తు. పండగ పొద్దున హెత్తెని తీసుకురావలసింది పుట్టింటి ఆడది. ఎదురు వెళ్ళి నిలబడవలసింది అత్తింటి ఊరు. ఎండ ఎక్కేసరికి మందెతొరె తెల్లబట్టలు కట్టుకుని, మేళం పెట్టుకుని, ఊరి పచ్చిక మీద వరసలు కట్టింది.

కెంచి లోయ ఎక్కి, ఊరికి ఎగువన ఉన్న గట్టు మీదికి వస్తోంది. వెనకాల నేరళట్టి జనం. ఊరు కనిపించే మలుపు దగ్గర, గడ్డి వాలు మీద, ఉన్నట్టుండి ఆగి పెట్టె దించింది.

"ఏమైందే?" అన్నాడు కాడ.

"తొందరపడి వెళ్తే లోకువవుతుంది. కాసేపు కూర్చుంటుందట."

కింద ఊరు అరచేతిలో పోసిన బియ్యంలా తెల్లగా ఉంది. మేళం పలచగా వినిపిస్తోంది. కెంచి పెట్టెని ఒళ్ళోకి లాక్కుంది. ఈ వాలు దిగితే ఆవిడ మళ్ళీ అందరి హెత్తె, మొక్కులు, పిలుపులు, వంగే తలలు. ఇక్కడ, ఈ నాలుగు బారల గడ్డి మీద, ఎవరికీ ఏమీ కాదు. ఎండ కాచుకుంటున్న ఒక ఆడమనిషి, అంతే. కెంచి కూడా ఊరికే కూర్చుంది. గాలి గడ్డిని ఒక వైపు దువ్వి, నచ్చక రెండో వైపు దువ్వుతోంది.

కిందనుంచి ఒకతను రొప్పుతూ వచ్చాడు. "అక్కా, గౌడ అడగమన్నాడు. ఎందుకాగారు?"

"తల దువ్వుకుంటోందని చెప్పు. నువ్వు మాత్రం రొట్టె తిని వెళ్ళు."

అతను రొట్టె తిన్నాడు. ఎండ బాగుంది. కూర్చున్నాడు.

అతను రాలేదని ఇద్దర్ని పంపారు. వాళ్ళూ రొట్టెలు తిన్నారు. వాళ్ళు రాలేదని బోజ వచ్చాడు. ఏమీ అడగలేదు, కెంచి పక్కన చోటు చూసుకుని కూర్చున్నాడు. అప్పుడు కెంచి సన్నగా పాట అందుకుంది, పెద్దగా బాగుండని పాట. బోజ పెదవులు బిగపట్టి, చాలా దూరంగా ఉన్న ఒక మేఘాన్ని శ్రద్ధగా చూశాడు. భుజాలు మాత్రం కదులుతున్నాయి. కెంచి చూసింది. పాట ఆపలేదు.

ఆడవాళ్ళు ఏం జరుగుతోందో చూద్దామని వచ్చారు. ఆడవాళ్ళు వెళ్ళారని పిల్లలు వచ్చారు. మాసవ్వని ఇద్దరు మోసుకొచ్చారు. చివరికి హాలగౌడే తలపాగా సర్దుకుంటూ ఎక్కి వచ్చి, చుట్టూ చూసి నిలబడ్డాడు. వాలంతా తెల్లబట్టలే. ఊరి పచ్చిక మీద మేళం వాళ్ళూ, జాబితా పట్టుకున్న సేవణ మేష్టరూ మిగిలారు. ఆయన అక్కడి నుంచే చేతులూపుతున్నాడు.

కెంచి లేచి గడ్డి దులుపుకుంది. పెట్టెని నెత్తికెత్తుకుంది.

"పద మేనత్తా" అంది. "మన కోసం ఎదురుచూసేవాళ్ళు ఊళ్ళో ఎవరూ మిగల్లేదు. మనమే ముందు వెళ్ళి వీళ్ళకి ఎదురొద్దాం."

వాలు దిగడం మొదలుపెట్టింది. రెండు ఊళ్ళూ లేచి, రొట్టె ముక్కలు నోట్లో పెట్టుకుంటూ, ఆమె వెనకాల హడావిడిగా బయలుదేరాయి.